ఆయుర్దాయపు లెక్కలు

గండం గడచి బయటపడిన మనిషిని చూచి ‘ఆయువు గట్టిది’ అనడం మన వాడుక. ఆ గట్టితనం నుదుటివ్రాతలో ఉన్నదని పెద్దల నమ్మిక. పుట్టిన దేశాన్ని బట్టి, ఇంటి రాబడిని బట్టి, చేతిలోని చదువు పట్టాను బట్టి కూడ ఆ వ్రాత మారుతూ ఉంటుందని అంకెలతో నిరూపించినవారిలో ఆంగస్ డీటన్ ఒకరు. 2015లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం అందుకొన్న ఈయన కథ ఉపాధ్యాయులు తెలిసికొనదగినది. ఏలనంటే ఈయనను పైకి తెచ్చినది ఒక విద్యార్థి వేతనం.

డీటన్ 1945లో స్కాట్లండులోని ఎడింబరోలో జన్మించినారు. తండ్రిది ఇంగ్లండులోని యార్కుషైరు, థర్‌క్రాఫ్టు అనే బొగ్గుగనుల పల్లె. గనిలో పనిచేస్తూ, యుద్ధం రాగా సైన్యంలో చేరి, అక్కడ క్షయ తగిలించుకొన్నాడు. క్షయకు తగిన మందు ఇంకా చేతికి రాని రోజులవి. శానటోరియంలో గాలి, వెలుతురు, విశ్రాంతి, వీటితోనే చికిత్స. మదనపల్లె ఆరోగ్యవరం సంగతి ఎరిగినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. ఆయన బ్రతికి బయటపడినాడు, పట్టుదలతో చదివి ఇంజనీరు అయినాడు. కొడుకును ఫెట్టెస్ అనే పేరుమోసిన పాఠశాలకు పంపవలెనని ఆయన కోరిక. అక్కడి సాలుసరి ఫీజు తన జీతాన్ని మించినది! అందుచేత కొడుకును పోటీ పరీక్షకు సిద్ధపరచవలసిందని బడిపంతుళ్లను బ్రతిమాలి ఒప్పించినాడు. పిల్లవాడు నెగ్గి ఉచిత విద్యార్థిగా చేరినాడు. అక్కడినుండి కేంబ్రిడ్జి, మొదట గణితం, పిదప అర్థశాస్త్రం.

కేంబ్రిడ్జిలో రిచర్డ్ స్టోన్ సాన్నిధ్యం లభించినది. ధర పెరిగితే సంసారి దేనిని తగ్గించుకొంటాడు, రాబడి పెరిగితే దేనిని ఎక్కువగా కొంటాడు అన్న ప్రశ్నలకు 1980లో జాన్ మ్యూయెల్‌బావర్‌తో కలిసి డీటన్ ఒక గణితరూపం కల్పించినారు. ‘దాదాపు ఆదర్శమైన గిరాకీ వ్యవస్థ’ అని దానికి పేరు. ఇంగ్లీషులో దాని పొట్టిపేరు ఎయిడ్స్. రెండేళ్లకు అదే పేరు ఒక భయంకర వ్యాధికి వచ్చినది, పాపం! 1983లో ఆయన అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయానికి చేరుకొన్నారు.

ఇంటింటి ఖర్చుల లెక్కలు వెదికేవారి చూపు భారతదేశంవైపు మళ్లడం సహజమే. 1950లో మహలనోబిస్ నెలకొల్పిన జాతీయ నమూనా సర్వే వంటి భాండారం పేదదేశాలలో అరుదు. అయితే 1999–2000 నాటి సర్వేలో ఒక చిక్కు వచ్చిపడినది. అంతకు మునుపు ‘గడచిన 30 రోజులలో బియ్యానికి ఎంత ఖర్చు చేసినారు?’ అని అడిగేవారు. ఈసారి 30 రోజుల లెక్కతోపాటు 7 రోజుల లెక్కను కూడ పక్కపక్కనే అడిగినారు. వారం నాటిది జ్ఞాపకం ఉన్నట్టు నెలనాటిది ఉండదు. మొదటి సమాధానం రెండవదానిని తనవైపు లాగుతుంది. నెల ఖర్చు ఎక్కువగా తేలినది, పేదల సంఖ్య తగ్గినట్టు కనిపించినది. ఆర్థిక సంస్కరణలు పేదరికాన్ని తగ్గించినవా, లేదా అని దేశమంతా వాదులాడుకొంటున్న సమయమది. ప్రశ్న మారని వస్తువులు ఏవో వెదకి, వంటచెరకు, దీపం వంటివాటి ఖర్చును ఆధారం చేసికొని డీటన్ లెక్క తిరగవేసినారు. పేదరికం తగ్గిన మాట చాలవరకు నిజమే, ప్రభుత్వం చెప్పినంత మాత్రం కాదని తేలినది. ఇరుపక్షాలకూ పూర్తి తృప్తి నీయని సమాధానం! పరీక్ష ప్రశ్నను అడిగే తీరు మారితే మార్కులు మారుతవని ఎరిగిన పంతులుగారికి ఇందులోని మర్మం వెంటనే బోధపడుతుంది.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిసి రాజస్థాన్‌లోని ఉదయపూరు జిల్లా పల్లెల ఆరోగ్యాన్ని పరిశీలించిన ఫలితాలు 2004లో వెలువడినవి. ఆరోగ్య ఉపకేంద్రాలు తెరచి ఉండవలసిన వేళలలో 56 శాతం మూసి ఉన్నవి. వయోజన స్త్రీలలో 80 శాతం మందికి హిమోగ్లోబిన్ 12 గ్రాములకు లోపు. అయినా మీ ఆరోగ్యం పది మెట్ల నిచ్చెనమీద ఎక్కడ ఉన్నదని అడిగితే ఎక్కువమంది 5 నుండి 8వ మెట్టువరకు చూపినారు. చుట్టూ అందరూ రక్తహీనులే అయినచోట నీరసం జబ్బుగా తోచదు. నా దృష్టిలో ఆ పరిశోధనలో అన్నింటికంటె బాధాకరమైన అంకె ఇదే.

ఇక అమెరికా. 2015 నవంబరులో, నోబెల్ ప్రకటన వెలువడిన కొద్ది వారాలకే, డీటన్, ఆయన సతీమణి, ఆరోగ్య అర్థశాస్త్రంలో నిపుణురాలు అయిన ఆన్ కేస్ ఒక వ్యాసం ప్రకటించినారు. 45–54 ఏండ్ల శ్వేతజాతి అమెరికనులలో అంతవరకు తగ్గుతూ వచ్చిన మరణాలు 1999 నుండి 2013 వరకు పెరుగుతూ వచ్చినవని దాని సారాంశం. తక్కిన సంపన్నదేశాలలో ఇట్లా జరగలేదు. పూర్వపు తగ్గుదలే కొనసాగి ఉంటే సుమారు 4,88,500 మంది బ్రతికి ఉండేవారు. కారణాలు మూడు: మాదకద్రవ్యాలు, మద్యంవలన కాలేయవ్యాధి, ఆత్మహత్య. వీటికి ‘నిరాశా మరణాలు’ అని వారు పేరుపెట్టినారు. 2020లో ఆ పేరుతోనే గ్రంథం వెలువరించినారు.

ఆక్షేపణలు రాకపోలేదు. ఆ పదేండ్ల వయోవర్గంలో సగటు వయస్సే కాలక్రమాన పెరిగినదనీ, అది సవరించితే పెరుగుదల అంతగా ఉండదనీ కొందరు గణాంకవేత్తలు చూపినారు. ఆ సవరణ న్యాయమైనదే. అయినా, ఇతర దేశాలలో చావులు తగ్గుతుండగా ఇక్కడ తగ్గలేదన్న మాట చెక్కుచెదరలేదు. నల్లజాతివారి మరణాలు ఆనాటికీ శ్వేతజాతివారికంటె ఎక్కువేనన్న సంగతి కూడ మరువరాదు; అవి తగ్గుతూ ఉండినవి, అంతే భేదం.

ఈ చావులు అధికంగా పడినది కళాశాల పట్టా లేనివారి ఇండ్లలో. 25 ఏండ్లు నిండిన అమెరికనులలో పట్టా గలవారికీ లేనివారికీ మధ్య ఆయుర్దాయంలో తేడా 1992లో 2.6 ఏండ్లు. 2019 నాటికి 6.3. కోవిడ్ వచ్చిన పిదప, 2021లో 8.5 అయినదని ఈ దంపతులు 2023లో లెక్కగట్టినారు. అందరికీ పట్టాలు పంచితే ఆయువు పెరుగుతుందని వారు అనలేదు. కర్మాగారపు ఉద్యోగం పోయి, కార్మికసంఘం బలహీనపడి, వైద్యబీమా ఖర్చు జీతాలను మింగివేసినచోట, పట్టా లేనివానికి పనీ పోయినది, పరువూ పోయినదని వారి వాదం. అమెరికాలో వయోజనులలో పట్టా లేనివారు మూడింట రెండువంతుల మంది.