రాలిన కణాలు చెప్పిన రహస్యం

మానవ దేహం నిత్యం నూతనమవుతూ ఉంటుంది. చర్మం నుండి, అంతరవయవాల పొరల నుండి పాత కణాలు రాలిపోతూ, వాటి స్థానంలో కొత్తవి పుడుతూ ఉంటాయి. రాలిన ఆకును చూసి చెట్టుకు పట్టిన తెగులును పసిగట్టే రైతు వలె, రాలిన కణాన్ని చూసి దేహంలో దాగిన వ్యాధిని గుర్తించవచ్చునని నిరూపించిన శాస్త్రవేత్త జార్జి పాపనికొలావ్. విశేషమేమంటే, ఆయన క్యాన్సర్‌ను వెదుకుతూ బయలుదేరినవారు కారు. ప్రాణులలో సంతానోత్పత్తి ఎట్లా జరుగుతుందో పరిశీలిస్తూ ఉండగా ఆ వ్యాధి ఆయన కంటబడింది.

పాపనికొలావ్ 1883 మే 13న గ్రీసు దేశంలోని యుబియా ద్వీపంలో జన్మించారు. తండ్రి వైద్యుడు. ఏథెన్స్‌లో 1904లో వైద్యపట్టా పొందినా, ఆయన మనస్సు చికిత్స కంటె పరిశోధన వైపే మొగ్గింది. జర్మనీలోని మ్యూనిక్‌లో 1910లో జంతుశాస్త్రంలో డాక్టరేటు సాధించి, 1913లో భార్య మేరీతో అమెరికా చేరారు. చేతిలో ధనం లేదు. ఆంగ్లం అంతంత మాత్రం. కొంతకాలం ఆయన ఒక దుకాణంలో తివాచీలు అమ్మారు. ఆమె గుండీలు కుట్టారు. మరుసటి సంవత్సరం న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో ఆయనకు చోటు లభించింది.

అక్కడ ఆయన గినీ పందుల అండాలపై పరిశోధన చేయవలసి వచ్చింది. అండం విడుదలయ్యే సమయానికి సరిగ్గా ముందు దానిని సేకరించాలి. ఆ సమయం బయటికి తెలిసేది కాదు. అందువల్ల అనేక ప్రాణులను వ్యర్థంగా చంపవలసి వచ్చేది. స్త్రీల వలె ఈ చిన్న జంతువులకు కూడ రుతుచక్రానికి సంబంధించిన స్రావం ఏదో ఉండి తీరాలని పాపనికొలావ్ ఊహించారు. ముక్కును పరీక్షించే చిన్న పరికరంతో ప్రతిదినం యోని స్రావాన్ని సేకరించి, గాజు పలకపై పూసి, సూక్ష్మదర్శినితో చూశారు. ఆయన వెదికిన రక్తం కానరాలేదు గాని, కణాల ఆకారం రోజురోజుకు ఒక క్రమంలో మారుతూ కనిపించింది. ఆ మార్పును బట్టి, ప్రాణిని చంపకుండానే అండాశయ స్థితిని చెప్పవచ్చును. స్టాకార్డ్ అనే ఆచార్యునితో కలిసి 1917లో ఈ విషయాన్ని ప్రకటించారు.

తరువాత పరిశీలన స్త్రీల వైపు మళ్ళింది. అందుకు మొదట ముందుకు వచ్చినవారు మేరీయే. ఇరవై ఒక్క సంవత్సరాల పాటు ఆమె తన దేహాన్నే ఈ పరిశోధనకు అప్పగించారు. ప్రయోగశాలలోను భర్తకు చేదోడుగా నిలిచారు. సహధర్మచారిణి అన్న పదాన్ని మన కావ్యాలు గౌరవంగానే వాడినా, ఇంత కఠినమైన అర్థంలో అది ఎప్పుడో గాని కానరాదు. పరీక్షకు మాత్రం భర్త పేరే స్థిరపడింది.

ఈ పరిశీలనల నడుమ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్న స్త్రీ స్రావంలో వికృతాకార కణాలు స్పష్టంగా కనిపించాయి. 1928లో ఆయన ఈ సంగతిని ఒక సభలో వెల్లడించారు. ఇంచుమించు ఆ కాలంలోనే రుమేనియాలో ఆరెల్ బాబెష్ అనే వైద్యుడు స్వతంత్రంగా ఇటువంటి నిర్ణయానికే వచ్చారు. వైద్యలోకం మాత్రం పెదవి విరిచింది. కణజాలపు ముక్కను కోసి పరీక్షించే పద్ధతి ఉండగా, రాలిన కణాలతో పనేమిటని పలువురి ప్రశ్న. ప్రశ్న అర్థరహితం కాదు. కాని ముక్క కోయడం వ్యాధి లక్షణాలు కనబడిన తరువాతి మాట. అప్పటికే ఆలస్యమైపోయిన రోగులు ఎందరో! లక్షణాలు లేని స్త్రీలో, వ్యాధి ఇంకా లోతుకు పాకకముందే కనుగొనే అవకాశం ఈ పరీక్షలో ఉన్నదని వారు గ్రహించలేదు.

పదేళ్ళకు పైగా ఆ విషయం మరుగున పడింది. తరువాత స్త్రీ వైద్య నిపుణుడు హెర్బర్ట్ ట్రౌట్ తోడ్పాటుతో ఆసుపత్రికి వచ్చిన స్త్రీల స్రావాలను విస్తృతంగా పరీక్షించగా, ఏ అనుమానమూ లేనివారిలో సైతం వ్యాధి బయటపడింది. 1941లో వారి వ్యాసం, 1943లో గ్రంథం వెలువడ్డాయి. సాధారణ కణం క్యాన్సర్‌గా మారడానికి ఏళ్ళు పడుతుంది. ఆ వ్యవధిలో గుర్తిస్తే చిన్న చికిత్సతో నివారించవచ్చును. ఈ 'పాప్' పరీక్ష వ్యాపించిన అమెరికాలో ఆ వ్యాధి మరణాలు సగానికి మించి తగ్గాయి. పాపనికొలావ్ 1962 ఫిబ్రవరి 19న మరణించారు. ఈ వ్యాధికి మూలం ఒక వైరస్ అని నిరూపించిన హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. ఆ వైరస్‌ను అడ్డుకునే టీకాలు కూడ వచ్చాయి.

భారతదేశంలో మాత్రం 2022లో ఒక లక్షా ఇరవై వేలకు పైగా స్త్రీలు ఈ వ్యాధి బారిన పడినట్లు, దాదాపు ఎనభై వేలమంది మరణించినట్లు అంచనా. పాప్ పరీక్షకు ప్రయోగశాల కావాలి; కణాలను చదవగల నిపుణులు కావాలి. ఇవి కొరవడిన చోట్ల గర్భాశయ ముఖద్వారానికి పలుచని ఎసిటిక్ ఆమ్లం, అనగా వెనిగర్‌లోని ఆమ్లం, పూసి రంగు మార్పును కంటితోనే చూసే పద్ధతి ఉపకరిస్తున్నది. ముంబయి మురికివాడలలో సుమారు లక్షన్నర స్త్రీలపై టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు జరిపిన అధ్యయనంలో, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలే ఈ పరీక్షను నిర్వహించగా, ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు 2013లో వెల్లడైంది.