పేర్లు వ్రాసిన గోడ: ప్రాగ్ నగరపు యూదుల పేటలో ఒక నడక

మన సరిహద్దు గ్రామాల పిల్లల పేర్లకు రెండు రూపాలు ఉండడం మనకు కొత్త కాదు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి. బడి హాజరు పట్టీలో రాష్ట్ర భాషలో వ్రాసిన పేరు మరొకటి. లిపి మారేటప్పుడు ఇంటిపేరులో ఒక దీర్ఘమో, ఒక ఒత్తో జారిపోతుంది. హాజరు పిలిచినప్పుడు ఆ బిడ్డ ఒక్క క్షణం ఆగి, పిలిచినది తననేనా అని చూసి, ఆ తరువాత పలుకుతుంది. మనిషి పేరును ఎవరు వ్రాస్తారు, ఏ లిపిలో వ్రాస్తారు, చెరిగిపోతే మళ్లీ ఎవరు వ్రాస్తారు? ఈ ప్రశ్నలను అడుగడుగునా గుర్తుచేసే పేట ఒకటి ఐరోపాలో ఉన్నది. అది చెక్ గణతంత్రపు రాజధాని ప్రాగ్ నగరంలోని యూదుల పేట. దాని పేరు యోసెఫోవ్. ఒక్క పూటలో కాలినడకన చుట్టి రాగలిగినంత చిన్నది.

వల్టావా నది ఒడ్డున, పాత నగరపు చౌకుకు ఉత్తరాన ఈ పేట ఉన్నది. నడక ఆ చౌకు మూల నుండి ప్రారంభిద్దాం. ప్రసిద్ధ రచయిత ఫ్రాంజ్ కాఫ్కా 1883లో ఇక్కడనే, యూదుల పేట అంచున జన్మించాడు. చుట్టూ చెక్ భాష మాట్లాడే జనం ఉండగా ఆయన జర్మన్ భాషలో వ్రాశాడు. లోకానికి తెలిసిన పేరు ఫ్రాంజ్. మతాచారం ప్రకారం ఆయనకు పెట్టిన హీబ్రూ పేరు ఆమ్షెల్. రెండు పేర్లతో బ్రతకడం ఆ పేట ప్రజలకు వాడుకే.

అక్కడి నుండి ఉత్తరంగా పోయే వెడల్పాటి రాజవీధికి పారిస్ నగరం పేరు పెట్టారు. ఇరువైపులా ఎత్తైన మేడలు, ఖరీదైన దుకాణాలు. పాత పేట ఏదీ అని యాత్రికుడికి సందేహం కలుగుతుంది. యూదులు ఈ నగరంలో వెయ్యేళ్లకు పైగా నివసిస్తున్నారు. శతాబ్దాల తరబడి వారిని గోడలు, ద్వారాలు గల ఇరుకు పేటలోనే ఉంచారు. 19వ శతాబ్ది మధ్యలో ఎక్కడైనా నివసించే హక్కు లభించగానే, కలిగినవారు బయటి వీధులకు తరలిపోయారు. పేటలో బీదలు మిగిలారు. యూదులు కాని బీదలు కూడా వచ్చి చేరారు. మురికి, జబ్బులు పెరిగాయన్న కారణంతో 1893లో చట్టం చేసి, సుమారు ఇరవై ఏళ్లలో ఇళ్లను దాదాపు అన్నింటినీ పడగొట్టారు. మిగిలినవి ఆరు సమాజమందిరాలు, ఒక పురమందిరం, ఒక శ్మశానం. సమాజమందిరం అంటే యూదుల ప్రార్థనాలయం. దానినే సినగాగు అంటారు.

వాటిలో అన్నింటికంటే పాతది ‘పాత-కొత్త’ సమాజమందిరం. సుమారు 1270లో కట్టారు. నేటికీ ప్రార్థనలు జరుగుతున్న సమాజమందిరాలలో ఐరోపా అంతటిలోనూ ఇదే ప్రాచీనమైనదని ప్రసిద్ధి. లోపలికి పోవాలంటే కొన్ని మెట్లు దిగాలి. వరదల భయంతో నగరం వీధులను ఎత్తు చేసుకుంటూ పోయింది. మందిరం మాత్రం తన పాత మట్టంలోనే నిలిచిపోయింది. 1389లో ఈస్టరు పండుగ రోజులలో మూకలు పేటపై పడి వందలాది యూదులను చంపివేశాయి. ఆ దారుణం నుండి బయటపడిన అవిగ్దోర్ కారా అనే పండితుడు హీబ్రూలో ఒక విలాప గీతం రచించాడు. ఏటేటా ప్రాయశ్చిత్త దినాన ఆ గీతాన్ని ఈ మందిరంలో చదివే ఆచారం ఏర్పడింది.

మందిరానికి పక్కనే యూదుల పురమందిరం. పిల్లలను వెంట తీసుకువెళ్లినవారు ఇక్కడ కొంతసేపు ఆగవలసిందే. పైన గోపురానికి రోమను అంకెల గడియారం ఉన్నది. అందరి గడియారాల వలెనే నడుస్తుంది. దానికి దిగువన మరొక గడియారం. దానిపై అంకెలకు బదులు హీబ్రూ అక్షరాలు. హీబ్రూలో అక్షరాలకే సంఖ్యల విలువ ఉన్నది: మొదటి అక్షరం ఒకటి, రెండవది రెండు. ఆ లిపిని కుడి నుండి ఎడమకు చదువుతారు కనుక ఈ గడియారపు ముళ్లు కూడా ఎడమ వైపుకే తిరుగుతాయి. రెండూ చూపే సమయం ఒక్కటే. ఏ వైపుకు తిరిగినా కాలం తప్పడం లేదు.

ఇక పాత శ్మశానం. 15వ శతాబ్ది తొలి భాగం నుండి ఇక్కడ ఖననాలు జరిగాయి. మిగిలిన రాళ్లలో మొదటిది 1439 నాటిది. అది ఆ విలాప గీతం వ్రాసిన అవిగ్దోర్ కారాదే. పేటకు చోటు పెంచుకునే అవకాశం లేదు. సమాధులను కదిలించడానికి మతధర్మం ఒప్పుకోదు. అందుచేత పాత సమాధులపై మట్టి పోసి, ఆ మట్టిలో కొత్త సమాధులు చేశారు. కింది రాళ్లను కూడా పైకి తెచ్చి నిలబెట్టారు. ఈ విధంగా కొన్ని చోట్ల అనేక పొరలు ఏర్పడ్డాయి. సుమారు 12,000 రాళ్లు ఒకదానిపై ఒకటి ఒరిగి కనిపిస్తాయి. వాటిపై హీబ్రూ అక్షరాలలో పేరు, తండ్రి పేరు, గుణగణాలు. చదువు రానివారు కూడా గుర్తుపట్టేటట్లు బొమ్మలు చెక్కారు: యాజక వంశస్థులకు దీవించే చేతులు, లేవీయులకు నీటి చెంబు, దర్జీకి కత్తెర. 1613లో మరణించిన చరిత్రకారుడు, ఖగోళ పండితుడు దావీద్ గాన్స్ రాయిపై బాతు బొమ్మ ఉన్నది. ఆ ఇంటిపేరుకు జర్మన్‌లో పెద్ద బాతు అని అర్థం. 1609లో కన్నుమూసిన మహాపండితుడు రబ్బీ లోయెవ్ సమాధి వద్ద జనం ఎక్కువ. ఆయన మట్టితో ఒక మనిషిని చేసి ప్రాణం పోశాడన్నది తరువాతి కాలపు కట్టుకథ. దర్శించినవారు పూలకు బదులు చిన్న గులకరాళ్లను ఉంచి వస్తారు.

ఈ శ్మశానంలో ఖననాలు 1787లో ఆగిపోయాయి. నగరం లోపల పాతిపెట్టరాదని రెండవ జోసెఫ్ చక్రవర్తి ఆజ్ఞ. ఈ చక్రవర్తి కథ జాగ్రత్తగా తెలుసుకోదగినది. ఆయనకు పూర్వం 1726లో వచ్చిన శాసనం ప్రకారం యూదు కుటుంబంలో ఒక్క కుమారుడికే వివాహార్హత ఉండేది. తక్కినవారు పెళ్లి చేసుకోవాలంటే దేశం విడిచి పోవలసిందే. ఆ కట్టడి 19వ శతాబ్ది మధ్య వరకు తొలగలేదు. జోసెఫ్ 1781లో సహన శాసనం వెలువరించి, చదువులకు, వృత్తులకు దారి తెరిచాడు. అయితే వ్యాపార లెక్కలలోనూ బడులలోనూ జర్మన్ భాష ఉండాలన్నాడు. 1787లో మరొక చట్టం చేసి, ప్రతి యూదుడూ స్థిరమైన ఇంటిపేరును, జర్మన్ పేరును స్వీకరించాలన్నాడు. ఒక చేత్తో స్వేచ్ఛ ఇచ్చి, మరొక చేత్తో పేరు మార్చాడు. 1850లో పేటకు ఆయన పేరే పెట్టారు. యోసెఫోవ్ అంటే జోసెఫ్ పేట.

శ్మశానాన్ని ఆనుకొని 16వ శతాబ్దికి చెందిన పింకస్ సమాజమందిరం ఉన్నది. దీని లోపలి గోడల నిండా పేర్లే. 1939 మార్చి 15న నాజీ సైన్యం ప్రాగ్‌ను ఆక్రమించింది. 1941 నుండి యూదులను రైళ్లలో తరలించి, శిబిరాలలో చంపివేశారు. బొహీమియా, మొరావియా ప్రాంతాలకు చెందిన సుమారు 78,000 మంది పేర్లు ఈ గోడలపై ఉన్నాయి. వీరికి సమాధి లేదు, రాయి లేదు. అందుకే గోడ రాయి అయింది. 1954 నుండి 1959 వరకు ఇద్దరు చిత్రకారులు, వాత్స్లవ్ బోష్టిక్, యిర్జీ యోన్, ఊరి వారీగా, కుటుంబాల వారీగా వీటిని చేతితో వ్రాశారు. పేరుతో పాటు పుట్టిన తేదీ, మరణించిన తేదీ. అది తెలియని చోట, బ్రతికి ఉన్నట్లు తెలిసిన చివరి తేదీ.

1968లో నేల చెమ్మ గోడలకు ఎక్కిందని మందిరాన్ని మూసివేశారు. మరమ్మతు పనులు ఏళ్ల తరబడి సాగాయి. ఆ పనులలో పేర్లన్నీ పోయాయి. 1989లో ప్రభుత్వ వ్యవస్థ మారిన తరువాత, 1992 నుండి 1996 వరకు మళ్లీ మొదటి నుండి ప్రతి పేరునూ వ్రాశారు. 2002 ఆగస్టులో వల్టావాకు వరద వచ్చి గోడల కింది భాగం పాడైతే మరొకసారి బాగుచేశారు.

పై అంతస్తులో పిల్లల చిత్రాలు ఉన్నాయి. ప్రాగ్‌కు ఉత్తరాన ఉన్న తెరెజీన్ నిర్బంధ నగరంలో ఫ్రీడల్ డిక్కర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి రహస్యంగా పిల్లలకు బొమ్మలు నేర్పేది. కాగితం కరువు, వాడిన కాగితాల వెనుక వైపునే గీసేవారు. శిబిరంలో మనిషికి మిగిలినది సంఖ్య మాత్రమే కనుక, ప్రతి బొమ్మపైనా తప్పక తమ పేరు వ్రాయమని ఆమె పిల్లలకు చెప్పేది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపారు. దాచి ఉంచిన సుమారు 4,500 చిత్రాలు యుద్ధం ముగిశాక ప్రాగ్‌కు చేరాయి. ఆ పిల్లలలో అధికులు తిరిగి రాలేదు. సీతాకోకచిలుకలు, ఇళ్లు, పూలు, వాటి మూలన వంకరటింకర అక్షరాలతో పేర్లు మిగిలాయి.

వారు పడిన బాధతో మన చిన్న ఇబ్బందులను పోల్చరాదు. అయినా ఆ పేట నుండి మనం నేర్చుకోదగినది ఒకటి ఉన్నది. రాతిపై చెక్కిన పేరు కూడా మట్టిలో మునిగితే ఎవరో ఒకరు పైకి తీయాలి. గోడపై వ్రాసిన పేరు చెమ్మకు పోతే ఎవరో ఒకరు తిరిగి వ్రాయాలి. మన ఇళ్లలో తాతముత్తాతల పేర్లు, వారు ఏ ఊరి నుండి ఎందుకు వచ్చారన్న సంగతి పెద్దల నోట మాత్రమే ఉన్నాయి. ఈ సెలవులలో పిల్లల చేత వాటిని ఒక నోటు పుస్తకంలో వ్రాయించండి. తెలుగులోనూ, బడి భాషలోనూ వ్రాయించండి. దీర్ఘాలు, ఒత్తులు సరిచూసే పని మాత్రం పెద్దలే చేయాలి.