హాలీవుడ్ మూట... ఖమ్మంలో విప్పాం!

'మాయాబజార్' (1957)లో వెన్నెల చూసి మురిసిపోని వాళ్ళెవరు? అది మార్కస్ బార్ట్లే గారి కెమెరా పనితనమని తెలిశాక మన ఆశ్చర్యం రెట్టింపైంది కదూ! ఆ రోజుల్లో అలాంటి మాయ చేయాలంటే స్టూడియో గడప తొక్కాల్సిందే. 'ఈగ' (2012) నాటికి మాయంతా కంప్యూటర్లోకి చేరింది. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు కూడా తెచ్చింది.

"మరి ఆ సరంజామా మాకెక్కడ దొరుకుతుందండీ?" అని కుర్రకారు అడుగుతూనే ఉంటారు. దొరుకుతుంది మహాప్రభో! కొంత సరంజామా ఉచితంగా, దర్జాగా, దొంగతనం లేకుండా దొరుకుతుంది.

ఉదాహరణకి ఓపెన్ ఈఎక్స్ఆర్. 'జురాసిక్ పార్క్' (1993) రాక్షసబల్లుల్ని మన మీదికి వదిలిన 'ఇండస్ట్రియల్ లైట్ అండ్ మేజిక్' సంస్థ తన సొంత పని కోసం తయారు చేసుకున్న గ్రాఫిక్స్ లైబ్రరీ ఇది. 'హ్యారీ పోటర్' మొదటి చిత్రం (2001) నాటికే వాడకంలో ఉంది. 2003లో సోర్స్ కోడ్‌తో సహా లోకానికంతా ఇచ్చేశారు!

ఇంతకీ ఇది చేసే పనేమిటి? 'అందాల రాముడు' (1973)లో లాంచీ భద్రాచలానికి సాగిన గోదావరినే తీసుకోండి. మిట్టమధ్యాహ్నం నీటి మీద కళ్ళు మిరుమిట్లు గొలిపే వెలుగు. ఒడ్డున చెట్ల కింద చిక్కటి నీడ. మామూలు బొమ్మలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకి తలా 256 మెట్లే. పై మెట్టు దాటిన వెలుగంతా ఒకటే తెల్ల మచ్చ! తర్వాత ఎంత తగ్గించినా ఆ మచ్చ బూడిద రంగు అవుతుందే గానీ, అందులో అలలు కనబడవు. ఈఎక్స్ఆర్ ఫైలు తెలుపుకి మించిన వెలుగుని కూడా లెక్క రాసి దాచుకుంటుంది. అందుకే తర్వాత ఆ నీటి మీద అగ్నిబాణం వేసినా వెలుగు అతికినట్టు కుదురుతుంది. అయితే ఒక్క మాట: కెమెరా పట్టని వెలుగుని ఇది పుట్టించలేదు.

ఆ మధ్య ఖమ్మంలో నలుగురు కుర్రాళ్ళతో కూర్చుని ఈ మూటని దించాం. ప్రాజెక్టు వారి అసలు పేజీ నుంచే సుమా! ఫైలు పేరు చివర 'టార్', 'జీజెడ్' అని రెండు తోకలు. టార్ అంటే ఫైళ్ళన్నిటినీ ఒకే మూట కట్టడం. జీజెడ్ అంటే ఆ మూటని అదిమి చిన్నది చేయడం. మిర్చి యార్డు చూసిన ఖమ్మం వాళ్ళకి బస్తా తొక్కడం గురించి నేను చెప్పాలా!

భద్రాచలం అడవి అంచు నుంచి వచ్చిన ఓ కుర్రాడు నిట్టూర్చాడు. "మా ఊళ్ళో సిగ్నల్ రావాలంటే గుట్టెక్కాలన్నా. సగంలో తెగితే?"

మంచి ప్రశ్న! సగం దిగిన మూట సరిగా విప్పుకోదు. అలాంటి చోట చెక్‌సమ్ ఆదుకుంటుంది. ఇది ఫైలుకి వేలిముద్ర లాంటిది. పేజీలో ఇచ్చిన అంకె, మీ దగ్గర వచ్చిన అంకె ఒకటైతే సరుకు సాంతం దిగినట్టే.

విప్పగానే ఒక ఫోల్డర్. అందులో ముందు చదవాల్సినవి రీడ్‌మీ, లైసెన్స్. ఆ తర్వాత సీమేక్, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ల సాయంతో బిల్డ్ చేసుకోవాలి. ఐమ్యాథ్ అనే తోడు లైబ్రరీ మీ దగ్గర లేకపోతే ఇది నెట్ నుంచి తానే తెచ్చుకుంటుంది. నెట్ లేని ఊళ్ళో అక్కడే బండి ఆగుతుంది! కాబట్టి ఊరికి బయల్దేరే ముందే తోడు లైబ్రరీలని కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

అంతా అయ్యాక రెండుసార్లు క్లిక్ చేస్తే తెర తెరుచుకుంటుందనుకునేరు! లైబ్రరీ హీరో కాదండీ, లైట్‌బాయ్. వేరే సాఫ్ట్‌వేర్ పిలిస్తే వచ్చి పని చేసి పెడుతుంది. ఉచితంగానే దొరికే బ్లెండర్‌లో ఇది ముందే కొలువై ఉంది. ఆ బ్లెండర్‌తో తీసిన లాట్వియా చిత్రం 'ఫ్లో' 2025లో ఆస్కార్ గెలిచింది మరి!

కొత్త సినిమాని ఫోన్లో దొంగచాటుగా చూస్తే పైరసీ అని మండిపడతాం. అదే మనం తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్‌తో సినిమా తీస్తే? అందులో వైరస్ ఉంటే నెలల శ్రమ గోదాట్లో కలుస్తుంది. సినిమా అమ్మే రోజున 'లైసెన్స్ ఏదీ?' అని అడిగితే నోరు పెగలదు. ఓపెన్ ఈఎక్స్ఆర్ లైసెన్స్ వాడుకోమంటుంది, మార్చుకోమంటుంది, దాంతో సంపాదించుకోమంటుంది. కోడ్‌ని పంచేటప్పుడు కాపీరైట్ మాటలు తీసేయొద్దంటుంది, పూచీ మాత్రం అడగొద్దంటుంది. మీ సినిమా మీదే!

ముందు బ్లెండర్‌లో ఒక దీపాన్ని బాగా వెలిగించి, ఆ బొమ్మని జేపెగ్‌గా ఒకటి, ఈఎక్స్ఆర్‌గా ఒకటి భద్రపరచండి. రెండింటిలోనూ వెలుగు తగ్గించి చూడండి. తేడా మీ కంటికే తెలుస్తుంది. ఏం కనిపించిందో మాకూ ఓ ఉత్తరం ముక్క రాయండి!