కింద లేత్ షాపు.. పైన ఇల్లు: బేరం రూ.80 లక్షలే.. చేతిలో ఉండాల్సిన డబ్బు ఎంతో తెలుసా?

కింద షట్టర్, లోపల రెండు లేత్ మెషిన్లు, పైన రెండు గదుల ఇల్లు. హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, కుషాయిగూడ చుట్టుపక్కల, విజయవాడలో ఆటోనగర్ దగ్గర మెషిన్ పని చేసుకునే చాలామంది కల ఇదే. షెడ్డు అద్దె మిగులుతుంది. రాత్రి అర్జెంట్ జాబ్ వస్తే మెట్లు దిగితే చాలు. మెషిన్లకు కాపలా గొడవ ఉండదు.

అయితే ఇలాంటి బిల్డింగ్ కొనేటప్పుడు బ్రోకర్ చెప్పే రేటు ఒకటి, చివరికి జేబులోంచి పోయేది ఇంకొకటి. తేడా ఎక్కడొస్తుందంటే.. కాగితం మీద అది ఇల్లా, షాపా అన్న దగ్గర. లోన్, కరెంట్, ఇంటి పన్ను, ఇన్‌కమ్ ట్యాక్స్.. అన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదే నడుస్తాయి.

రిజిస్ట్రేషన్‌కే లక్షలు

ఉదాహరణకు బేరం రూ.80 లక్షలకు కుదిరిందనుకుందాం. తెలంగాణలోనూ, ఏపీలోనూ సేల్ డీడ్‌కు స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే సాధారణంగా 7.5 శాతం అవుతుంది. అంటే రూ.6 లక్షలు. ప్రభుత్వ విలువ, బేరం ధర.. వీటిలో ఏది ఎక్కువైతే దాని మీదే లెక్క కడతారు.

రూ.50 లక్షలు, ఆపైన ధర ఉంటే 1 శాతం టీడీఎస్ కట్ చేసి ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవాళ్లే. ఇక్కడ అది రూ.80 వేలు. ఇది అదనపు ఖర్చు కాదు, అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచే తగ్గించుకోవాలి. మర్చిపోతే మాత్రం వడ్డీ, ఫీజులు కొన్నవాళ్ల మీదే పడతాయి.

పూర్తయిన పాత బిల్డింగ్ కొంటే జీఎస్టీ ఉండదు. మెషిన్లకు మాత్రం 18 శాతం ఉంటుంది. రూ.10 లక్షల మెషిన్‌కు రూ.1.80 లక్షలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి రెగ్యులర్ స్కీమ్‌లో ఉన్నవాళ్లు దీన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తెచ్చుకోవచ్చు. కాంపోజిషన్ స్కీమ్‌లో ఉంటే ఆ చాన్స్ లేదు.

అసలు దెబ్బ లోన్ దగ్గరే

హోమ్ లోన్‌కు ఆర్బీఐ పెట్టిన పరిమితులు ఉన్నాయి. రూ.30 లక్షల దాకా లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం, రూ.30 లక్షల నుంచి రూ.75 లక్షల దాకా 80 శాతం, అంతకు మించితే 75 శాతం వరకు ఇవ్వొచ్చు. రూ.80 లక్షల ఇంటికి గరిష్టంగా రూ.64 లక్షలు రావొచ్చు. మిగతా రూ.16 లక్షలు, రిజిస్ట్రేషన్ రూ.6 లక్షలు.. మొత్తం రూ.22 లక్షలు చేతిలో ఉండాలి.

కానీ బ్యాంకు తరఫున వాల్యూయర్ వచ్చి కింద మెషిన్లు చూశాడంటే సీన్ మారిపోతుంది. చాలా బ్యాంకులు దాన్ని కమర్షియల్ ఆస్తిగా చూస్తాయి. లోన్ తక్కువ, వడ్డీ ఎక్కువ, గడువు కూడా తక్కువ. 60 శాతమే ఇచ్చారనుకుంటే లోన్ రూ.48 లక్షలు. అప్పుడు చేతిలో ఉండాల్సింది రూ.38 లక్షలు. అంటే ఒక్కసారిగా రూ.16 లక్షల తేడా.

ఈఎంఐ చూస్తే ఇంకా ఆశ్చర్యం. రూ.64 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు రూ.55,500. రూ.48 లక్షలు 10.5 శాతానికి 15 ఏళ్లకు తీసుకుంటే దాదాపు రూ.53,000. అప్పు రూ.16 లక్షలు తగ్గినా నెలకు తగ్గేది రూ.2,500 మాత్రమే. ఇవి లెక్క అర్థం కావడానికి తీసుకున్న రేట్లు. బ్యాంకును బట్టి, సిబిల్ స్కోర్‌ను బట్టి మారతాయి.

ఇల్లు అని చెప్పి హోమ్ లోన్ తీసుకుని, తర్వాత కింద మెషిన్లు దించితే? అది లోన్ అగ్రిమెంట్‌కు విరుద్ధం అవుతుంది. పై అంతస్తు ఎంత, కింద షాపు ఎంత అన్నది ముందే చెప్పి, ఎలాంటి లోన్ ఇస్తారో రాతపూర్వకంగా తెలుసుకోవడమే మేలు.

ఇంటి మీటర్ మీద లేత్ నడిపితే..

1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. ఒక లేత్, మిల్లింగ్, డ్రిల్లింగ్, వెల్డింగ్ సెట్ పెట్టినా లోడ్ తేలిగ్గా 10 హెచ్‌పీ దాటుతుంది. త్రీ ఫేజ్ కనెక్షన్, లోడ్‌కు తగ్గ డెవలప్‌మెంట్ చార్జీలు, డిపాజిట్, కొత్త వైరింగ్, ఎర్తింగ్.. ఇవన్నీ బేరంలో లేని ఖర్చులు. లైన్ మీద లోడ్ ఖాళీ లేకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కూడా పడొచ్చు.

డొమెస్టిక్ మీటర్ మీద మెషిన్లు నడిపి తనిఖీలో దొరికితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ కేటగిరీకి ఉండే టారిఫ్‌కు రెట్టింపు కట్టాలి. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలల దాకా లెక్క వేస్తారు. అందుకే కింద ఒక మీటర్, పైన ఒక మీటర్ తప్పనిసరి.

స్లాబు మోస్తుందా?

మామూలు ఇంటి స్లాబును చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు లెక్కతో డిజైన్ చేస్తారు. మెషిన్లు పెట్టే వర్క్‌షాప్‌కు భారతీయ ప్రమాణాల ప్రకారం 500 నుంచి 1,000 కిలోలు ఉండాలి. ఆరడుగుల లేత్ ఒక్కటే టన్ను దాకా ఉంటుంది. సీఎన్‌సీ మెషిన్ అయితే చాలా టన్నులు.

కాబట్టి కింద సెల్లార్ ఉంటే జాగ్రత్త. మెషిన్లు నేల మీదే ఉండాలి. అక్కడ కూడా కొత్తగా ఫౌండేషన్ పోయాల్సి రావొచ్చు. షట్టర్ వెడల్పు, సందులోకి క్రేన్, డీసీఎం వచ్చే దారి ఉందా అన్నది కూడా కొలిచి చూసుకోవాలి. గోడ పగలగొట్టి మెషిన్ దించాల్సి వస్తే ఆ ఖర్చు వేరే.

పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే?

శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. పారిశ్రామిక ప్రాంతంలో ఇవి 75, 70. నివాస జోన్‌లో కొంటే నైట్ షిఫ్ట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆ నైట్ షిఫ్ట్ ఆదాయం లెక్కేసుకుని ఈఎంఐకి ఒప్పుకున్నవాళ్లకు ఇదే పెద్ద నష్టం.

మరి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో కొంటే? అక్కడ ప్లాట్లు పరిశ్రమ కోసం ఇచ్చినవి. పైన కుటుంబంతో కాపురం ఉండటానికి షరతులు ఒప్పుకోకపోవచ్చు. రెండింటికీ వీలుండేది మిశ్రమ వినియోగానికి అనుమతి ఉన్న చోటే. మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో అడ్వాన్స్ ఇవ్వకముందే చూసుకోవాలి.

ట్యాక్స్‌లో కొంత ఊరట

షాపు భాగానికి పడే లోన్ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపించొచ్చు. బిల్డింగ్‌లో ఆ భాగానికి, మెషిన్లకు తరుగుదల కూడా వస్తుంది. ఇంటి భాగానికి పాత పన్ను విధానంలో ఏడాదికి రూ.2 లక్షల వరకు వడ్డీ మినహాయింపు ఉంది. అమ్మేటప్పుడు మాత్రం ఇల్లు అమ్మి ఇల్లు కొంటే వచ్చే మినహాయింపు పై అంతస్తుకే, షాపుకు కాదు.

అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూడాలి

* శాంక్షన్ ప్లాన్‌లో కింద అంతస్తును ఏమని రాశారు? పార్కింగ్ అని ఉంటే షాపు పెట్టడం కుదరదు.
* ఈసీ, లింక్ డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్నాయా?
* ఇంటి పన్ను రసీదులో నివాసమా, నివాసేతరమా? పాత కరెంట్ బాకీలు ఏమైనా ఉన్నాయా?
* ట్రేడ్ లైసెన్స్ ఇస్తారా, పొల్యూషన్ బోర్డు అనుమతి అవసరమా?

ఇంకో దారి కూడా ఉంది. హోమ్ లోన్‌తో ఇల్లు మాత్రమే కొని, నడిచి వెళ్లే దూరంలో షెడ్డు అద్దెకు తీసుకోవచ్చు. మెషిన్లకు ముద్ర లోన్ విడిగా పెట్టుకోవచ్చు. పై ఉదాహరణలో చేతిలో మిగిలే రూ.16 లక్షలకు నెలకు రూ.25 వేల అద్దె లెక్కన ఐదేళ్లకు పైగా షెడ్డు నడుస్తుంది. పైగా వ్యాపారం డల్ అయితే షెడ్డు ఖాళీ చేయొచ్చు, ఇల్లు మాత్రం నిలుస్తుంది. ఆర్డర్లు గ్యారంటీగా ఉండి, జోన్, కరెంట్, లోన్ మూడూ కాగితం మీద కుదిరితేనే కింద షాపు, పైన ఇల్లు లాభం.