పురుగుల ఇంటి చూరు: కింది వరస పెంకుల వాలు ఎట్లా సరిచూసుకోవాలి?

ఈసారి ఆకు గురించి కాదు, మందుల గురించి కాదు. పైకప్పులో అన్నిటికంటే కింద ఉండే ఒక్క వరస పెంకుల గురించి.

తళి, డెంకణికోట, కెళమంగళం పక్క మనోళ్లు కొందరు ఇంకా మంగళూరు పెంకుల ఇండ్లలోనే పురుగులు మేపుతా ఉన్నారు. రేకుల ఇల్లు మాదిరి మధ్యాహ్నం ఉడికిపోదు, అది మంచిదే. అయితే గాలివానకు గోడ పక్కనే నీళ్లు దిగుతాయి. పెంకు పగిలిందనుకుని మారుస్తాం. మళ్లీ వాన, మళ్లీ కారేది. చాలాసార్లు తప్పు పెంకుది కాదు, దాని వాలుది.

*ఎందుకిట్లా అవుతుంది?*
ప్రతి పెంకూ రెండు చోట్ల ఆనుకుంటుంది. తల రీపర్ మీద, తోక కింది పెంకు తల మీద. చూరు వరసకు మాత్రం కింద ఇంకో పెంకు లేదు. అందుకని దాని తోక ఒక పెంకు మందం కిందికి వాలిపోతుంది. అప్పుడు రెండో వరస దాని గాడిలో సరిగ్గా కూర్చోదు, సందు పడుతుంది. ఆ సందులో గాలి దూరి పెంకును లేపుతుంది, వాన జల్లు లోపలికి కొడుతుంది. చూరు పొట్టిగా ఉంటే ఆ నీళ్లు నేరుగా గోడ మీదికే. వాసం కొనలు తడిసి తడిసి పుచ్చిపోతాయి.

కొందరు భయపడి చూరును మరీ ఎత్తేస్తారు. అదీ తప్పే. కింది వరస చదునైతే నీళ్లు జారకుండా నిలిచి, వెనక్కి ఎక్కి లోపలికి దిగుతాయి.

*సరి చేసేది ఎట్లా?*
1. రెండు పెంకులు గాడిలో కలిపి, పైకప్పు మీద ఉన్నట్లే రెండు రీపర్ల మీద పెట్టి చూడండి. పై పెంకు తోకకూ, దాని కిందుండే రీపరుకూ మధ్య ఎంత ఎత్తు ఉందో కొలవండి.
2. చూరు కొన రీపర్ మిగతావాటికంటే సరిగ్గా అంత ఎత్తులో ఉండాలి. దాని మీద ఆ మందం చెక్కపట్టీ కొట్టొచ్చు. కొలత కుదిరితే రీపర్‌నే నిలువుగా పెట్టొచ్చు.
3. కింది మూడు వరసల మీద నిటారైన కర్ర పెట్టండి. మూడింటికీ ఒకే మాదిరి ఆనితే వాలు సరి. మధ్యలో వెలుతురు కనిపిస్తే కాదు.
4. మొత్తం కప్పు వాలు కూడా చూసుకోండి. అడ్డంగా ఒక అడుగుకు 7 అంగుళాలు లేస్తే దగ్గర దగ్గర 30 డిగ్రీలు.
5. గాలికి ముందు లేచేది చూరు వరసే. పెంకుకు తీగ బొక్క ఉంటే రీపరుకు కట్టేయండి.

*పంటకు దీనికి ఏం సంబంధం?*
పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా ఐదో దశలోనే తింటుంది. మన డబ్బూ కష్టమూ అంతా అప్పటికే పెట్టేసి ఉంటాం. ఆ దశకు తేమ 70 శాతం దగ్గర చాలు. గోడ చెమ్మతో పడక తడిస్తే సున్నపుకట్టు రోగానికి దారి ఇచ్చినట్లే.

ఇంకోటి ఊజీ ఈగ. 1980లో పశ్చిమ బెంగాల్ విత్తన గూళ్లతో కర్ణాటకకు వచ్చి, అక్కడినుంచి మన పక్కకూ పాకింది. కిటికీలకు వల కట్టి చూరు సందు వదిలేస్తే, వాకిలి మూసి గోడ కూల్చుకున్నట్లే. వాసాల మధ్య సందులకు నైలాన్ వల కొట్టండి. సిమెంటుతో మూసేయొద్దు, గాలి ఆడాలి.

*ఎప్పుడు చేయాలి?*
గూళ్లు విప్పినాక, ఇల్లు కడిగి మందు కొట్టకముందు. పురుగులు ఉన్నప్పుడు పెంకులు కదిలిస్తే దుమ్మంతా ఆకు మీదే పడుతుంది. ఎక్కేవాళ్లు పెంకు మీద కాలు పెట్టకుండా, వాసాల మీద పలక వేసుకుని నిలబడాలి.

ఐప్పసి వానలు రాకముందే ఒకసారి కర్ర పెట్టి చూసుకోండి అన్నా, అక్కా. మీ చూరు ఫోటో గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం.