లంకమల పొదలు: అపోహలు – వాస్తవాలు

అడవి యనగానే ఆకాశము నంటు మహావృక్షములు మనస్సున మెదలుట సహజమే గాని, ఆ కొలతతోనే కడప జిల్లాలో లంకమల కొండల పాదమున నల్లుకొనియున్న తుమ్మ, రేగు, కలివి పొదలను జూచి ‘ఇది వట్టి బంజరు’ అని తీర్మానించుట పెద్ద పొరపాటు. నేడు ప్రపంచమున మఱెక్కడను జాడలేని కలివికోడి యను పక్షికి ఈ ముండ్లపొదల నడిమి రాతినేలయే నెలవు.

‘ఎన్నో యేండ్లుగా కనబడని ప్రాణి నశించినట్లే’ అనునది మఱియొక నమ్మకము. కుంపిణీ వైద్యుడైన జెర్డన్ మూలమున 1848లో శాస్త్రలోకమున కెఱుకపడిన యీ పక్షి, 1900లో అనంతపురము చెంత కనబడిన పిమ్మట మఱి యగపడకపోవుటచే, పండితులు దీనిపై ఆశ వదలుకొనిరి. 1986 జనవరిలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీవారి యన్వేషణలో, స్థానికుల తోడ్పాటుతో, రెడ్డిపల్లె చెంత ఇది మరల చిక్కినది. పండితులు మఱచినను పల్లెవాండ్రు మఱవకపోవుట మన దేశమున క్రొత్త కాదు.

కనబడకుండుటకు కారణము దాని నడవడిలోనే యున్నది. పగలెల్ల పొదనీడన కదలక కూర్చుండి, చీకటిపడిన పిమ్మట పురుగులను వెదకుచు తిరుగు నీ పక్షి, ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికి కొన్ని నిమిషములు మాత్రము కూసి ఊరకుండును. అందుచే పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పట్టీలుగా పఱచి, తెల్లవాఱి దానిపై వెనుకవ్రేలు లేని మూడువ్రేళ్ల అడుగులను వెదకుచు వచ్చిరి.

‘చెట్లు నాటినచో అడవి బాగుపడును’ అను మాట అన్నిచోట్లను చెల్లదు. హెక్టారుకు 300 మొదలు 700 వఱకు పెద్ద పొదలుండి, వాని నడుమ నేల బయలుగా నున్నచోటనే ఈ పక్షి యెక్కువగా సంచరించునని పరిశోధనలు తెలుపుచున్నవి. పరుగున సాగిపోవు పక్షికి ఇరుకు తోపు పనికిరాదు గదా! పొదలు కొట్టి నిమ్మతోటలు వేయుటయు, సదుద్దేశముతో దట్టముగ మొక్కలు నాటుటయు దానికి ఒకే విధమైన చేటు. తెలుగుగంగ కాలువ పనులు ఇచ్చటి పొదల మీదికి వచ్చినప్పుడు మార్గమునే మార్చవలసి వచ్చెను.

ఇక ‘కంచె వేసి గొఱ్ఱెలకాపరులను వెళ్లగొట్టినచో సర్వము చక్కబడును’ అనువారు కలరు. మితిమీఱిన మేపును, వంటచెఱకు నఱుకుటయు హానికరములే. అయినను మేపు బొత్తిగా నిలిచినచో పొదలు పెనగొని బయలు మూసికొనిపోవు ప్రమాదము గలదు. ఎంత మేపు తగునో నిర్ణయించుటలో, ఆ కొండ క్రిందనే బ్రదుకుచు ఏ పొద యెప్పుడు చిగిర్చునో యెఱిగిన కాపరిని సంప్రదింపక కచ్చేరిలో గీచిన పటముపై మాత్రమే యాధారపడుట నాకు వివేకముగ తోపదు.