సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారులో స్టీరింగ్ బిగుసుకుందా? ర్యాక్ మార్చే ముందు ఈ టెస్టులు చేయండి

ఎప్పటినుంచో కలలు కన్న స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. తీరా పార్కింగ్‌లో తిప్పుతుంటే స్టీరింగ్ రాయిలా ఉంది. గ్యారేజ్‌లో వెంటనే "ర్యాక్ పోయింది, మార్చాలి" అంటే కంగారుపడకండి. స్టీరింగ్‌లో ఖరీదైన పార్టుల్లో అదొకటి. ఒక్క బగ్ కోసం యాప్ మొత్తం తిరగరాయం కదా! ఇక్కడా అంతే, ఖర్చు లేని టెస్టులతో మొదలుపెట్టాలి.

ముందు మీ సిస్టమ్ ఏదో చూడండి

పోర్షే 911లో 997 తరం వరకు హైడ్రాలిక్ స్టీరింగ్ ఉండేది. అంటే ఆయిల్ ప్రెషర్‌తో పనిచేసేది. హోండా ఎస్2000, మాజ్డా ఆర్ఎక్స్-8లో ఎలక్ట్రిక్ మోటార్, అంటే ఈపీఎస్. టయోటా ఎంఆర్2 స్పైడర్‌లో ఆయిలే ఉంటుంది కానీ పంపును ఎలక్ట్రిక్ మోటార్ తిప్పుతుంది.

1. టైర్లు

డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత గాలి ముందు టైర్లలో ఉందా? పాత ఓనర్ వెడల్పు టైర్లు, చిన్న స్టీరింగ్ వీల్ వేయించాడా? ఇవి ఉంటే ఏ పార్టూ పాడవకుండానే స్టీరింగ్ బరువెక్కుతుంది.

2. చక్రాలు గాల్లోకి లేపండి

ముందు చక్రాలు రెండూ లేపి, జాక్ స్టాండ్ల మీద పెట్టండి. ఒక్క జాకీని నమ్ముకోవద్దు. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ లాక్ తీసి, నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా పట్టేస్తుంటే సమస్య మెకానికల్: కాలమ్ జాయింట్, బాల్ జాయింట్, స్ట్రట్ బేరింగ్ లేదా ర్యాక్. సాఫీగా తిరిగి, నేల మీద మాత్రమే బరువుగా ఉంటే అనుమానం పవర్ అసిస్ట్ మీదకి వెళ్తుంది.

3. హైడ్రాలిక్ అయితే

ఆయిల్ లెవెల్ చూడండి. నురగ ఉంటే లోపలికి గాలి వెళ్తోందని అర్థం. ఐడిల్‌లో బరువుగా ఉండి, రేస్ చేస్తే తేలికైతే బెల్ట్ జారుతోంది లేదా పంప్ వీక్ అయింది. మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోయండి.

4. ఈపీఎస్ అయితే

మొదట బ్యాటరీ చూడండి. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ ఆన్‌లో దాదాపు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. ఈ మోటార్ పదుల ఆంపియర్ల కరెంట్ లాగుతుంది కాబట్టి వీక్ బ్యాటరీ, తుప్పు పట్టిన ఎర్త్ వైర్ చాలు, అసిస్ట్ తగ్గిపోవడానికి. చవక బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతుంది. స్టీరింగ్ మాడ్యూల్‌ని చదివే స్కానర్ అడగండి. టార్క్ సెన్సార్ తప్పు అక్కడే దొరుకుతుంది.

ఇంకో విషయం. పార్కింగ్‌లో పదేపదే తిప్పితే మోటార్ వేడెక్కి, ఈపీఎస్ తనే అసిస్ట్ తగ్గించుకుంటుంది. గేమ్ ఆడుతుంటే ఫోన్ థ్రాటిల్ అయినట్టే. చల్లారాక మామూలైతే అది రక్షణే. మామూలు డ్రైవింగ్‌లోనూ వస్తుంటే మాత్రం చెక్ చేయించాలి.

ఎప్పుడు నడపకూడదు?

స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకున్నా, మలుపు తర్వాత తనంతట తాను మధ్యకి రాకపోయినా బండి పక్కన ఆపేయండి. అసిస్ట్ పోయినా చక్రాలతో మెకానికల్ లింక్ ఉంటుంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, స్పీడ్ తగ్గించి ఆపండి. తర్వాత టోయింగ్‌కి ఫోన్ చేయండి.

ఈ రీడింగులన్నీ ఫోన్‌లో నోట్ చేసుకుని గ్యారేజ్‌కి వెళ్లండి. "ర్యాక్ పోయింది" అంటే "ఏ టెస్టులో తేలింది?" అని అడగండి. జవాబు విన్నాకే డబ్బులు తీయండి.